క్లాన్ సెంటార్ వేల డాలర్లు ఎందుకు పలుకుతోంది? ఓవర్‌డ్రైవ్ పెడల్ లోపల జరిగేది ఇదీ

క్లుప్తంగా

ఓవర్‌డ్రైవ్ పెడల్ అంటే గిటార్ ధ్వనికి జీర తెచ్చే, కాలితో నొక్కి వాడే చిన్న డబ్బా. అలాంటి రెండు పెడళ్ల మధ్య చెవికి తెలిసే తేడా చాలావరకు నాలుగు నిర్ణయాల నుంచి వస్తుంది. ఏ స్వరస్థాయిని ఎంత పెంచి కత్తిరిస్తున్నారు, ఆ కత్తిరింపు సర్క్యూట్‌లో ఎక్కడ జరుగుతోంది, కత్తిరించని సిగ్నల్‌ను ఎంత కలుపుతున్నారు, చివరి దశకు ఎన్ని వోల్టులు అందుతున్నాయి అన్నవే ఆ నాలుగూ. వంద డాలర్లలోపు పెడల్‌లోనూ ఇవన్నీ సరిగ్గా కుదరవచ్చు. చేతితో కొద్ది సంఖ్యలో చేసే బొటీక్ పెడల్ ధరలో మిగిలిన భాగం చేతిపనికి, కొరతకు, పేరుకు చెల్లుతుంది. పెడల్ తర్వాత యాంప్ (గిటార్ యాంప్లిఫయర్) ఉందా, మిక్సర్ ఉందా అన్నది మాత్రం పెడల్ ఎంపిక కంటే ముందే తేల్చుకోవాల్సిన విషయం.

నల్లటి ఎపాక్సీ కింద

గిటార్ వాళ్లు బొటీక్ పెడల్ అనేది పెద్ద కంపెనీ అచ్చులో కాకుండా ఒకరో, నలుగురైదుగురో కూర్చుని కొద్ది సంఖ్యలో చేసే పెడల్‌ను. అమెరికాలో 1990లలో ఈ ధోరణి బలపడింది. దానికి గుర్తుగా నిలిచినది బిల్ ఫినెగన్ తయారుచేసిన క్లాన్ సెంటార్. బోస్టన్ ప్రాంతానికి చెందిన ఫినెగన్, ఎంఐటీలో చదివిన ఫ్రెడ్ ఫెన్నింగ్ సాయంతో కొన్నేళ్లు పనిచేసి 1994 చివర్లో దాన్ని మార్కెట్లోకి తెచ్చాడు. 2000ల చివరి వరకు దాదాపు 8,000 పెడళ్లు తయారయ్యాయి. వాటిలో అత్యధికం ఆయన ఒక్కడి చేతిమీదుగా పూర్తయినవే. జెఫ్ బెక్, జాన్ మేయర్, నెల్స్ క్లైన్ లాంటి వాద్యకారులు వాడటంతో పేరు పెరిగింది. ఉత్పత్తి మాత్రం ఒక మనిషి రెండు చేతులు చేయగలిగినంతే. కొత్తగా సుమారు 330 డాలర్లకు అమ్ముడైన వస్తువు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో వేల డాలర్లు పలుకుతోంది.

మూత తీస్తే సర్క్యూట్ బోర్డు కనిపించదు. దాని మీద గడ్డకట్టిన ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) పోత ఉంటుంది. విడిభాగాల మీది నంబర్లు ఎవరూ చదవకుండా చేసిన ఏర్పాటు అది. పదేళ్లకు పైగా ఈ పోత రెండు పనులు చేసింది: నకళ్లను ఆపింది, లోపల ఏదో మాయ ఉందన్న నమ్మకాన్ని పెంచింది. 2000ల చివర్లో ఔత్సాహికులు ఎపాక్సీని తొలిచి సర్క్యూట్‌ను గీశారు. అందులో బయటపడ్డవి టీఎల్072 ఆప్-యాంప్‌లు (సిగ్నల్‌ను పెంచే ఐసీలు) రెండు, వోల్టేజీ పెంచే ఐసీ ఒకటి, జెర్మేనియం డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చేవి) రెండు, మామూలు రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఏ ఒక్కటీ అరుదైన ఐసీ కాదు. వాటిని కలిపిన తీరు మాత్రం నిజంగా తెలివైనది. ఆ తెలివి అర్థం కావాలంటే ముందు జపాన్ పెడల్ ఒకదాన్ని చూడాలి.

ట్యూబ్ స్క్రీమర్: 118 రెట్ల లెక్క

ఓవర్‌డ్రైవ్ అంటే సిగ్నల్‌ను పెంచి, తరంగం శిఖరాలను కత్తిరించడం. ఈ కత్తిరింపునే క్లిప్పింగ్ అంటారు. శిఖరం తెగినప్పుడు మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు ఉన్న హార్మోనిక్స్ కొత్తగా పుడతాయి. గొంతులో జీర లాంటిది గిటార్‌కు వచ్చేది అందుకే.

1979లో ఐబనెజ్ పేరుతో వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ టీఎస్808 ఈ పనిని ఆప్-యాంప్ ఫీడ్‌బ్యాక్ దారిలో (ఔట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్‌కు తెచ్చే దారి) రెండు సిలికాన్ డయోడ్లు ఎదురెదురుగా పెట్టి చేస్తుంది. ఆ దారిలో 51 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానికి వరుసలో 500 కిలో ఓమ్‌ల డ్రైవ్ నాబ్ ఉంటాయి. గ్రౌండ్ వైపు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్. నాబ్ పూర్తిగా పెంచితే 551ని 4.7తో భాగించి ఒకటి కలపాలి, అంటే సుమారు 118 రెట్లు. పూర్తిగా తగ్గించినా 12 రెట్లు మిగులుతాయి. ట్యూబ్ స్క్రీమర్ డ్రైవ్ సున్నాలో ఉన్నా కొంచెం జీర వినిపించడానికి కారణం ఇదే.

అసలు రహస్యం ఆ చిన్న కెపాసిటర్‌లో ఉంది. అది 720 హెర్ట్జ్ కింద పెంపును తగ్గిస్తూ పోతుంది. డ్రైవ్ పూర్తిగా ఉన్నప్పుడు 1,000 హెర్ట్జ్ దగ్గర సిగ్నల్ దాదాపు 95 రెట్లు పెరిగితే, మందపు ‘ఈ’ (E) తీగ మూలస్వరం 82 హెర్ట్జ్ దగ్గర పెంపు 13 రెట్లే. అందుకే లోతు స్వరాలు ముద్దగా మారకుండా బిగువుగా ఉంటాయి. క్లిప్పింగ్ తర్వాత 1 కిలో ఓమ్, 0.22 మైక్రోఫారడ్‌ల ఫిల్టర్ పైస్వరాలను కూడా 720 హెర్ట్జ్ నుంచే కోస్తుంది. రెండువైపులా కోస్తే మిగిలేది మధ్యస్థాయి ఉబ్బు. గదిలో ఒంటరిగా వింటే ముక్కుతో పాడినట్టు అనిపించే ఆ ఉబ్బే, డ్రమ్స్, బేస్ గిటార్‌ల మధ్య సోలోను పైకి తేల్చుతుంది.

ఈ అమరికలో ఎక్కువమంది గమనించని మరో సంగతి ఉంది. నాన్-ఇన్వర్టింగ్ (సిగ్నల్‌ను తలకిందులు చేయని) ఆప్-యాంప్ ఫీడ్‌బ్యాక్‌లో డయోడ్లు ఉంటే, బయటికి వచ్చేది డయోడ్ మీది వోల్టేజీ ఒక్కటే కాదు. దానికి లోపలికి వచ్చిన అసలు సిగ్నల్ కూడా కలుస్తుంది. అంటే ట్యూబ్ స్క్రీమర్‌లోనూ కత్తిరించని ధ్వని ఎప్పుడూ కొంత ప్రయాణిస్తూనే ఉంటుంది. మీటు బలం తగ్గిస్తే పెడల్ స్పందించడం వెనుక ఈ కలయిక ఉంది. దాని పాలు మాత్రం మార్చడానికి వీల్లేదు.

సెంటార్ మార్చింది ఇక్కడే

సెంటార్ లోపలికి వచ్చిన సిగ్నల్ ముందు బఫర్ (సిగ్నల్ బలహీనపడకుండా కాపాడే దశ) దాటి, తర్వాత వేర్వేరు దారుల్లోకి చీలుతుంది. ఒక దారి బాగా పెంచి, 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల మధ్యస్థాయికి ప్రాధాన్యమిచ్చి, చివర్లో జెర్మేనియం డయోడ్లతో గ్రౌండ్‌కు కత్తిరిస్తుంది. మిగతా దారులు కత్తిరింపు లేకుండా, లోతు స్వరాలను నిలుపుకుంటూ వెళ్తాయి. అన్నీ చివర్లో ఒక ఆప్-యాంప్ దగ్గర కలుస్తాయి.

గెయిన్ నాబ్ ఒకే ఇరుసు మీద రెండు 100 కిలో ఓమ్‌ల పాట్‌లున్న (తిప్పి మార్చే రెసిస్టర్లు) జంట పాట్. తిప్పుతున్నకొద్దీ ఒకటి కత్తిరింపు దారిని పెంచుతుంది, రెండోది శుభ్రమైన దారిని తగ్గిస్తుంది. మందపు ‘ఈ’ తీగను మీటి నాబ్‌ను నెమ్మదిగా తిప్పితే తేడా తెలుస్తుంది. గడియారంలో 8 గంటల చోట దాదాపు శుభ్రమైన ధ్వని, కాస్త ముందుకు జరిగినట్టు ఉంటుంది. 11 దాటేసరికి స్వరం అంచుల మీద జీర పూత పడుతుంది, అడుగున తీగ కంపనం మాత్రం గట్టిగానే వినిపిస్తుంది. 3 గంటల తర్వాత ఆ అడుగు సన్నబడి, ధ్వని మామూలు డిస్టార్షన్ వైపు జారుతుంది. చాలామంది ఈ పెడల్‌ను గెయిన్ తక్కువ, వాల్యూమ్ ఎక్కువ పెట్టి, అప్పటికే ధ్వని చిరుగుతున్న (జీర మొదలైన) ట్యూబ్ యాంప్‌ను ముందుకు నెట్టడానికి వాడటం వెనుక తర్కం ఇదే.

అలా నెట్టాలంటే పెద్ద సిగ్నల్ కావాలి. అందుకోసం వోల్టేజీ పెంచే ఐసీ 9 వోల్టుల నుంచి సుమారు +18, -9 వోల్టులు తయారుచేసి చివరి దశకు ఇస్తుంది. మొత్తం 27 వోల్టుల జాగా. దారులన్నీ కలిసే చోట ఆప్-యాంప్ తానుగా కొత్త కత్తిరింపు చేయకుండా ఉండటానికి ఇది అవసరం. ట్యూబ్ స్క్రీమర్‌కు 18 వోల్టులు ఇచ్చినా పెద్ద తేడా రాకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది. అక్కడ హద్దు గీసేది డయోడ్లు. ఆప్-యాంప్ తన అంచుదాకా వెళ్లే సందర్భమే అరుదు.

ఇదే కాలంలో బొటీక్ తయారీదారులు ఆధారంగా తీసుకున్న మరో సర్క్యూట్ 1991 నాటి మార్షల్ బ్లూస్‌బ్రేకర్ పెడల్. అందులో క్లిప్పింగ్ డయోడ్లకు వరుసగా ఒక రెసిస్టర్ ఉండటంతో కోత మరింత మెత్తగా ఉంటుంది. అమెరికాలోని కనెక్టికట్‌లో ఎనలాగ్‌మ్యాన్ చేసే కింగ్ ఆఫ్ టోన్ దీని సంతతే. దానికోసం కొనుగోలుదారులు ఏళ్లతరబడి వరుసలో వేచి ఉంటారు.

డయోడ్ మహిమ ఎంత?

సెంటార్ ధ్వనికి తన దగ్గరున్న జెర్మేనియం డయోడ్ల నిల్వే కీలకమని ఫినెగన్ వాదన. ఇందులో కొంత నిజముంది. మామూలు 1ఎన్4148 సిలికాన్ డయోడ్ 0.6 వోల్టుల చుట్టుపక్కల ఒక్కసారిగా తెరుచుకుంటుంది. 1ఎన్34ఏ తరహా జెర్మేనియం డయోడ్ 0.3 వోల్టుల దగ్గరే తెరుచుకోవడం మొదలుపెడుతుంది, కానీ ఒక్కసారిగా కాకుండా, వోల్టేజీ పెరిగేకొద్దీ మెల్లగా తెరుచుకుంటుంది. దానిలో అంతర్గత నిరోధం ఎక్కువ కాబట్టి, కరెంటు 5 మిల్లీయాంపులకు చేరేసరికి దాని మీది వోల్టేజీ ఒక వోల్టుకు దగ్గర పడవచ్చు. ఈ వాలు వల్ల తరంగం శిఖరం కత్తితో కోసినట్టు కాకుండా గుండ్రంగా వంగుతుంది.

అయితే ఈ గుండ్రదనం వినిపించాలంటే డయోడ్లు పనిచేస్తూ ఉండాలి. గెయిన్ తక్కువగా ఉన్నప్పుడు బయటికి వచ్చేదాంట్లో ఎక్కువ భాగం శుభ్రమైన దారిదే. డయోడ్ పేరు మారినా ఆ స్థితిలో చెవికి అందే మార్పు చాలా తక్కువ. గెయిన్ సగం దాటాకే తేడా వెతకడంలో అర్థముంది. అత్యధికులు ఈ పెడల్‌ను తక్కువ గెయిన్‌లోనే వాడతారు కాబట్టి, డయోడ్ కోసం పెట్టే అదనపు డబ్బు వారి విషయంలో సమర్థించడం కష్టం.

రెండు పెడళ్లను పోల్చేటప్పుడు జరిగే అతి పెద్ద పొరపాటు శబ్ద స్థాయి. ఒక డెసిబెల్ తేడా ఉంటే వినేవాళ్లు దాన్ని గట్టిగా అనుకోరు, బాగుందనుకుంటారు. సరైన పద్ధతి ఇది: గిటార్ తర్వాత, పెడళ్లకు ముందు ఒక లూపర్ (వాయించినదాన్ని రికార్డు చేసి మళ్లీ మళ్లీ వినిపించే పెడల్) పెట్టి ఎనిమిది బార్ల వాయింపు రికార్డు చేయాలి. అదే వాయింపును రెండు పెడళ్లలోంచి పంపి, యాంప్ ముందు ఒకేచోట ఉంచిన ఫోన్‌లోని సౌండ్ మీటర్‌తో రెండింటి స్థాయీ సమానం చేయాలి. తర్వాత ఏ పెడల్ ఆన్‌లో ఉందో వినేవారికి చెప్పకుండా మరొకరు మార్చాలి. ఇలా పది సార్లు చేసి గుర్తుపట్టగలిగితే తేడా ఉన్నట్టే.

సెంటార్ విషయంలో తేడాకు కారణమై, ఎక్కువసార్లు డయోడ్ ఖాతాలో పడేది దాని బఫర్. పెడల్ ఆపినా సిగ్నల్ బఫర్ గుండానే వెళ్తుంది. గిటార్ కేబుల్‌కు మీటరుకు దాదాపు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. 2.5 హెన్రీల సింగిల్ కాయిల్ పికప్‌కు (తీగ కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే భాగం) 3 మీటర్ల కేబుల్ తగిలిస్తే ధ్వని మెరుపు 4.7 కిలోహెర్ట్జ్ చుట్టూ ఉంటుంది. 10 మీటర్లయితే అది 3 కిలోహెర్ట్జ్‌కు దిగి, ధ్వని మీద దుప్పటి కప్పినట్టవుతుంది. మధ్యలో మంచి బఫర్ ఉంటే దాని తర్వాతి కేబుల్ పొడవు లెక్కలోకి రాదు. పొడవైన కేబుళ్లు వాడేవారికి పెడల్ పెట్టగానే అంతా తేటగా వినిపించడం ఇందువల్లే. ఆ పని ఏ బఫరైనా చేస్తుంది.

సర్క్యూట్ ఎవరిది, పేరు ఎవరిది

సర్క్యూట్ పనితీరుకు రక్షణ కావాలంటే పేటెంట్ ఉండాలి. ఈ రంగంలో చిన్న తయారీదారులు పేటెంట్ జోలికి వెళ్లడం తక్కువ. ఖర్చుతో కూడిన పని కావడమే కాదు, పాత సర్క్యూట్ల మీద చిన్న మార్పులకు అది దక్కడమూ కష్టమే. అందుకే ఎపాక్సీ పోత. అది ఒకసారి తొలగాక నకళ్లకు అడ్డు లేకపోయింది. 2010ల మధ్యకల్లా ఎలక్ట్రో-హార్మోనిక్స్ సోల్ ఫుడ్, జె. రాకెట్ ఆర్చర్, వాంప్లర్ టమ్నస్ లాంటివి వరుసగా వచ్చాయి. ఫినెగన్ కూడా 2012లో చిన్న డబ్బాలో, యంత్రాలతో అమర్చిన విడిభాగాలతో కేటీఆర్ అనే పెడల్ తెచ్చాడు. అందులో బఫర్ వద్దనుకునేవారి కోసం ఒక స్విచ్ కూడా పెట్టాడు. వెర్రి మోజుకు కారణం తాను కాదన్న అర్థం వచ్చే వాక్యాన్ని దాని పైభాగంలోనే ముద్రించాడు.

పేరు, రూపం సంగతి వేరు. బెరింగర్ సంస్థ సెంటార్ పేరుతో, అసలు పెడల్‌ను పోలిన రూపంతో చౌక పెడల్ తెచ్చినప్పుడు ఫినెగన్ 2024లో అమెరికాలోని మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. తర్వాత రాజీ కుదిరింది, ఆ పెడల్ మరో పేరుతో కొనసాగింది. లోపలి సర్క్యూట్‌ను ఎవరైనా కట్టవచ్చు కానీ, కొనేవారు పొరబడేలా మరొకరి పేరు, ముఖం పెట్టుకోరాదన్న ట్రేడ్‌మార్క్ గీత ఈ ఉదంతంలో స్పష్టంగా కనిపిస్తుంది.

కట్టుకునేవారికి ఎదురయ్యే తప్పులు

విడిభాగాలు మామూలువి కాబట్టి సెంటార్ తరహా పెడల్‌ను ఇంట్లో కట్టుకోవడం సాధ్యమే. టీఎల్072, 1ఎన్4148, రెసిస్టర్లు, కెపాసిటర్లు హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో అడిగితే ఇచ్చే సరుకే. జెర్మేనియం డయోడ్ దగ్గర జాగ్రత్త అవసరం. పాత రేడియోల్లో డిటెక్టర్‌గా పనిచేసిన ఓఏ79 దీనికి పనికొస్తుంది. 1ఎన్34ఏ పేరుతో వేరేవి అంటగట్టే అవకాశం ఉంది. మల్టీమీటర్ డయోడ్ రేంజ్‌లో 0.55 పైన చూపిస్తే అది సిలికాన్. 0.25 నుంచి 0.4 మధ్య చూపిస్తే జెర్మేనియం కావచ్చు, షాట్కీ అనే మరో రకం డయోడ్ కూడా కావచ్చు. ప్రోబ్‌లు తిరగేసి పెద్ద ఓమ్స్ రేంజ్‌లో చూస్తే జెర్మేనియం కొంత లీకేజీ చూపిస్తుంది, షాట్కీ దాదాపు ఏమీ చూపదు. జెర్మేనియం వేడికి ఓర్వదు. కాళ్లు పొట్టిగా కత్తిరించకుండా, గాజుకూ సోల్డరింగ్ ఐరన్‌కూ మధ్య క్రొకడైల్ క్లిప్ పెట్టి, రెండు మూడు సెకన్లలో అతకడం ముగించాలి.

ఎక్కువ పెడళ్లు ప్రాణం వదిలేది అడాప్టర్ దగ్గర. గిటార్ పెడళ్లకు 9 వోల్టులు, ప్లగ్ మధ్య భాగం నెగెటివ్. ఇంట్లో వైఫై రూటర్ అడాప్టర్ చాలాసార్లు 12 వోల్టులు, మధ్య భాగం పాజిటివ్, ప్లగ్ సైజు మాత్రం అదే. అది గుచ్చితే చిక్కు రెండు వైపుల నుంచీ వస్తుంది. వోల్టేజీ పెంచే మ్యాక్స్1044 ఐసీ ఓర్వగలిగేది 10.5 వోల్టులు మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాతకాలపు 9 వోల్టుల అడాప్టర్లు కూడా లోడ్ లేనప్పుడు 12, 13 చూపిస్తాయి. గుచ్చే ముందు మీటర్‌తో కొలవాలి. 15 వోల్టుల వరకు ఓర్చే ఎల్‌టీ1054 వాడితే ఈ బెడద తగ్గుతుంది.

సన్నటి ఈల వినిపిస్తుంటే తప్పు దాదాపుగా ఆ ఐసీ దగ్గరే. అది సెకనుకు కొన్ని వేలసార్లు స్విచ్ అవుతుంది. 5 నుంచి 10 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటే చెవికి తెలుస్తుంది. మ్యాక్స్1044లో ఒకటో కాలును పాజిటివ్‌కు కలిపితే వేగం వినికిడి హద్దు దాటుతుంది. పైకి ఒకేలా ఉండే సాదా ఐసీఎల్7660లో ఆ కాలు దేనికీ కలిసి ఉండదు కాబట్టి ఈల పోదు.

మరో తప్పు కెపాసిటర్ల రేటింగ్. 9 వోల్టుల పెడల్ కదా అని 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్‌లు వేస్తే 18 వోల్టుల లైన్ మీద అవి ఉబ్బుతాయి. అక్కడ 35 వోల్టులవి వేయడం క్షేమం. ధ్వని రాకపోతే ముందు వోల్టేజీలు చూడాలి. మొదటి టీఎల్072 ఎనిమిదో కాలు మీద 9, ఒకటి, ఏడు కాళ్ల మీద దాదాపు 4.5 ఉండాలి. రెండో దానికి ఎనిమిదో కాలు మీద 17 చుట్టూ, నాలుగో కాలు మీద మైనస్ 9కి దగ్గరగా రావాలి. ఇవన్నీ సరిగ్గా ఉంటే, యాంప్‌కు వెళ్లే తీగ కొసకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అతికించి, ఇన్‌పుట్ నుంచి ఒక్కో బిందువును తాకుతూ ముందుకు వెళ్లాలి. ధ్వని ఏ భాగం దాటాక ఆగిందో తప్పు అక్కడే ఉంటుంది.

తయారీ స్థాయికి ఎదిగినవారు మన దేశంలోనూ ఉన్నారు. ముంబైలోని యానిమల్ ఫ్యాక్టరీ యాంప్లిఫికేషన్ చేసే పెడళ్లు విదేశాలకూ వెళ్తున్నాయి.

యాంప్ లేని చోట

ఇంతవరకు చెప్పిన ధ్వని అంతా ఒక షరతు మీద నిలబడి ఉంది: పెడల్ తర్వాత గిటార్ యాంప్ ఉండాలి. సెంటార్ గానీ ట్యూబ్ స్క్రీమర్ గానీ యాంప్‌ను ముందుకు నెట్టడానికి పుట్టినవి. గిటార్ యాంప్‌లోని 12 అంగుళాల స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు ఏమీ పలకదు. క్లిప్పింగ్‌లో పుట్టిన పదునైన పైహార్మోనిక్స్‌ను ఆ స్పీకరే వడకడుతుంది.

తెలుగు ప్రాంతాల్లో కాలేజీ వేడుకల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో, చర్చి ఆరాధన బృందాల్లో గిటార్ తీగ చాలాసార్లు నేరుగా మిక్సర్‌లోకి వెళ్తుంది. పీఏ (సభలో అందరికీ వినిపించే సౌండ్ సిస్టమ్) స్పీకర్లలోని హార్న్ 15 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది. అక్కడ ఎంత ఖరీదైన ఓవర్‌డ్రైవ్ పెట్టినా వినిపించేది కందిరీగ రొదే. ట్రెబుల్ తగ్గిస్తే రొదతో పాటు మాట స్పష్టత లాంటి తేట కూడా పోతుంది, ఎందుకంటే మిక్సర్‌లోని మామూలు ట్రెబుల్ నాబ్ వాలు నిదానం, స్పీకర్ వాలు నిటారు.

దీనికి రెండు దారులున్నాయి. చిన్న యాంప్ తెచ్చి స్పీకర్ కోన్ మధ్యకూ అంచుకూ నడుమ, గుడ్డకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో డైనమిక్ మైక్ పెట్టడం ఒకటి. పెడళ్లన్నిటి చివర క్యాబినెట్ సిమ్యులేటర్ (గిటార్ స్పీకర్ వడపోతను అనుకరించే పరికరం) చేర్చి, దాని నుంచి డీఐ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు అనువుగా మార్చే డబ్బా) ద్వారా మిక్సర్‌కు పంపడం రెండోది. అది ఓవర్‌డ్రైవ్ తర్వాతే ఉండాలి, ముందు పెడితే వడకట్టాల్సిన హార్మోనిక్స్ ఇంకా పుట్టి ఉండవు. సిమ్యులేటర్ లేదా మల్టీ ఎఫెక్ట్స్‌లో యాంప్ మోడల్ కూడా ఉంటే, దాన్ని చిరుగుడు అంచున పెట్టి, ముందున్న పెడల్ గెయిన్‌ను 9 గంటల చోట, ట్రెబుల్‌ను 12 దగ్గర ఉంచి, వాల్యూమ్‌తో నెట్టాలి. వంద డాలర్లలోపు నకలు పెడల్ కూడా అప్పుడు సెంటార్ పద్ధతిలో స్పందిస్తుంది.